విజయవాడలో ఒక కలంకారీ షాపు: బట్ట మంచిది, గోడమీది చరిత్ర సగమే

పెడన కలంకారీ కావాలంటే పెడన వెళ్ళి కొనుక్కోవాల్సిందే అని మా వదిన ఎప్పుడూ అనేది. ఆవిడ గుంటూరు బ్రాడీపేటలో బ్లౌజులు కుడుతుంది. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి దారం సంగతి చెప్పగల మనిషి. అలాంటి ఆవిడ "ఇక బందరు దాకా పోనక్కర్లేదు, విజయవాడలో దిగితే చాలు" అన్నది ఈ షాపు చూశాకే. గవర్నరుపేటలో, బీసెంట్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒక సందులో మేడమీద ఉంది. పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సింది చాలా ఉంది కానీ ఫిర్యాదులు కూడా ఉన్నాయి. వాటిలో పెద్దదాన్ని సరిచేస్తానని యజమాని నాకు మాట ఇచ్చారు. ఆ పని చేసేందుకు ఆయనకు కొంత వ్యవధి ఇవ్వడం న్యాయం.

మేము కొన్నవి ఇవి: మా ఇంటి హాలుకు కర్టెన్ల గుడ్డ, రెండు డబుల్ బెడ్‌షీట్లు, మా అమ్మాయికి చుడీదార్ గుడ్డ, వదిన కస్టమర్ల కోసం బ్లౌజు ముక్కలు. చేత్తో అచ్చు వేసిన గుడ్డ మీటరు 220 రూపాయల నుంచి ఉంది. స్క్రీన్ ప్రింట్ 120కే వస్తుంది. బెడ్‌షీట్లు 1,400 దగ్గర మొదలు. చీరలు కూడా ఉన్నాయి కానీ మేము వాటి జోలికి వెళ్ళలేదు.

నాకు బాగా నచ్చిన విషయం, ఏది చేతి అచ్చో ఏది స్క్రీనో యజమాని తనంతట తాను చెప్పడం. చాలాచోట్ల రెండూ కలిపి పెట్టి, అడిగితే "అంతా హ్యాండ్‌మేడే మేడం" అంటారు. ఇక్కడ రెండింటికీ వేరు వేరు అరలు. తేడా ఎలా పట్టుకోవాలో కూడా చూపించారు. గుడ్డ తిరగేసి చూడాలి. చేతి అచ్చుకు రంగు వెనక్కి దిగి ఉంటుంది. స్క్రీన్ ప్రింట్ అయితే వెనక వైపు వెలవెలబోతుంది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర గీత వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగి ఉంటుంది. మా వదిన ఊరుకోలేదు. తెల్ల చేతిరుమాలు తడిపి ఎరుపు మీద గట్టిగా రుద్దింది. రుమాలుకు ఏమీ అంటలేదు. ఆయన నొచ్చుకోకుండా "ఇంకో మూల కూడా రుద్దండమ్మా" అన్నారు.

అప్పుడు బేరాలు పెద్దగా లేవు, తీరికగా పని గురించి చెప్పారు. పెడనలో వాళ్ళ చుట్టాల షెడ్డు ఉందట. ముందు గుడ్డలోని గంజి పోగొడతారు. తర్వాత కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీత వేస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళ అచ్చు వేస్తారు. అప్పటికి ఎరుపు కనిపించదు. గుడ్డను పారే నీళ్ళలో జాడించి, డేగిసాలో ఆకులూ వేర్లూ వేసి ఉడికించినప్పుడు పటిక పడినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. వెనకటి రోజుల్లో ఆ ఎరుపంతా చిరివేరు అనే మొక్క వేరుదే. ఇప్పుడు చాలావరకు అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారని కూడా దాచకుండా చెప్పారు. "అంతా ప్రకృతి సిద్ధం" అని లేబుల్ అంటించి అమ్ముకోవచ్చు, ఆయన అలా చేయలేదు. ఆ నిజాయితీ చూశాకే గోడ మీద బోర్డు గురించి ఆయనతో మాట్లాడాలనిపించింది.

బోర్డు కౌంటరు వెనక గోడంతా ఉంది. పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో తెరచాపల ఓడ, ఒక మూల పాత బందరు కోట బొమ్మ. మన బట్టకు నాలుగువందల ఏళ్ళ చరిత్ర అని, గోల్కొండ సుల్తానులు ఆదరించారని, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు ఈ బట్ట కోసమే సముద్రాలు దాటి మచిలీపట్నం వచ్చారని, ఐరోపాలో గొప్పింటి ఆడవాళ్ళు ఈ గుడ్డతో గౌన్లు కుట్టించుకున్నారని రాసి ఉంది. చివర పెద్ద అక్షరాలతో "ప్రపంచాన్ని గెలిచిన బట్ట" అని.

నేను గుంటూరులో హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆ బోర్డులో తప్పు వాక్యం ఒక్కటి కూడా లేదు. కానీ అది సగమే. ఆ ఓడలు మన తీరం నుంచి బట్టనే కాదు, మనుషుల్ని కూడా కొని తీసుకుపోయాయి. బట్టల మూటలు రాసుకున్న కంపెనీయే మనుషుల లెక్క కూడా రాసుకుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు బానిసలంటే ఆఫ్రికావాళ్ళు, అమెరికా పత్తిచేలు అని తెలుసు. మన తీరం పేరు చెప్తే "టీచర్, మనవాళ్ళని కూడానా?" అని ఆశ్చర్యపోతారు. పిల్లల తప్పు కాదది. పెద్దవాళ్ళం గోడల మీద రాసేదే సగం.

ఆ మిగతా సగం ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఈ గుడ్డతోనే మొదలవుతుంది.

డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1602లో. దానికి కావాల్సింది మన బట్ట కాదు, లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి పండేది ఇప్పటి ఇండోనేషియాలోని మొలుక్కా, బాండా దీవుల్లో. ఆ దీవులవాళ్ళకు ఐరోపా సరుకు మీద మోజు లేదు. వాళ్ళు ఎప్పటినుంచో కట్టుకుంటున్నది, దాచుకుంటున్నది కోరమాండల్, అంటే మన తూర్పు తీరపు, నూలు బట్ట. లవంగం కావాలంటే బట్ట తేవాలి, బట్ట కావాలంటే మన తీరానికి రావాలి. అందుకని 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతితో మచిలీపట్నంలోనూ, మన నిజాంపట్నంలోనూ డచ్చివాళ్ళు గిడ్డంగులు పెట్టారు. నిజాంపట్నం వాళ్ళ కాగితాల్లో పేటపూలి అని ఉంటుంది. అక్కడి చిరివేరు ఇచ్చే ఎరుపు అన్నిటికన్నా మేలైనదని ఆ కాలపు వర్తకులు రాసుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. 1612లో హెండ్రిక్ బ్రోవర్ అనే డచ్చి అధికారి కోరమాండల్ తీరాన్ని మొలుక్కా దీవుల ఎడమ చెయ్యి అన్నాడు. ఈ తీరం బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే సాగదని ఆయన ఉద్దేశం.

మరి ఆ బట్టకు డబ్బు ఎక్కడిది? చాలావరకు వెండి. అందులో ఎక్కువ భాగం దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఇప్పటి బొలీవియాలో పొతోసి అనే కొండలో 1545లో వెండి బయటపడింది. స్పెయిన్ ప్రభుత్వం చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసులను వంతులవారీగా నిర్బంధంగా ఆ గనుల్లోకి దింపింది. ఆ వెండి స్పెయిన్ చేరి, అక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్, లండన్ చేరి, కంపెనీ ఓడల్లో మన రేవులకు వచ్చింది. బందరు సాలెవాడి చేతిలో పడిన అడ్వాన్సు వెనక కూడా వెట్టిచాకిరీ ఉందన్నమాట. ఆ సాలెవాడికి ఆ సంగతి తెలిసే వీలే లేదు. మనకు తెలుసు.

1621లో డచ్ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ బాండా దీవుల మీదికి సైన్యంతో వెళ్ళాడు. జాజికాయ తమకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని పట్టు. దాదాపు 15,000 మంది జనం ఉన్న ఆ దీవుల్లో చివరికి మిగిలినవాళ్ళు వెయ్యిమంది ఉంటారేమో. కొందర్ని చంపారు, కొందరు ఆకలితో పోయారు, కొందర్ని బానిసలుగా తీసుకుపోయారు. జాజికాయ తోటల్ని ముక్కలు చేసి డచ్చివాళ్ళకు పంచారు. పని చేయడానికి మనుషులు లేరు. అప్పటికి రెండేళ్ళ కిందట కట్టిన బటావియా నగరానికీ, అంటే ఇప్పటి జకార్తాకూ, మనుషులు కావాలి. అప్పుడు వాళ్ళ చూపు మళ్ళీ కోరమాండల్ మీద పడింది. ఈసారి బట్ట కోసం కాదు.

1622, 1623 సంవత్సరాల్లో పులికాట్ నుంచీ, ఇంకా దక్షిణాన కడలూరు పక్కనున్న దేవనాంపట్నం నుంచీ సుమారు 1,900 మందిని ఓడలెక్కించారు. పులికాట్ అంటే మన సూళ్ళూరుపేట పక్కనే. అక్కడ 1613 నాటికే డచ్చివాళ్ళ కోట ఉంది. చేతిలో డబ్బు ఉండి ఉంటే ఇంకో 2,000 మందిని కొనగలిగేవాళ్ళమని ఇక్కడి కంపెనీ ఉద్యోగులు పైవాళ్ళకు చెప్పుకున్నారు. ఈ ఒక్క మాట నేను క్లాసులో చెప్పిన ప్రతిసారీ కాసేపు ఆగుతాను. సరుకు చౌకగా ఉంది, పెట్టుబడి చాల్లేదు అని బాధపడే వ్యాపారి మాట అది. ఇక్కడ సరుకు మనిషి.

అంతమంది ఎందుకు దొరికారు? కరువు. వానలు పోయి, యుద్ధాలు వచ్చి, గింజల ధర ఆకాశానికి పోయినప్పుడు తమను తాము అమ్ముకున్నవాళ్ళున్నారు, బిడ్డల్ని అమ్ముకున్నవాళ్ళున్నారు. సైన్యాలు పట్టి తెచ్చి అమ్మినవాళ్ళున్నారు. ఎత్తుకొచ్చి అమ్మినవాళ్ళున్నారు. రేవు దాకా తోలుకొచ్చిన దళారులు ఇక్కడివాళ్ళే. మన దగ్గర అప్పటికే బానిసత్వం ఉంది, తరతరాలుగా భూమితో పాటు చేతులు మారిన కుటుంబాలు ఉన్నాయి. కంపెనీ దానికి సముద్రం దారి చూపించింది, పెద్ద గిరాకీ పెట్టింది. 1646లో ఒక్క ఏడాదిలోనే 2,118 మంది కోరమాండల్ నుంచి బటావియాకు వెళ్ళారు. 1659 నుంచి 1661 దాకా బిజాపూర్ సైన్యాలు తంజావూరు సీమను పాడుచేసినప్పుడు డచ్చివాళ్ళు కొన్నవాళ్ళు ఎనిమిది నుంచి పదివేల మంది. ఎక్కువమందిని సిలోన్‌కు, మిగతావాళ్ళను బటావియాకు, మలక్కాకు పంపారు.

ఇక్కడ ఒక విషయం సరిగ్గా చెప్పాలి. ఈ ఓడల్లో ఎక్కువ బయలుదేరింది పులికాట్ నుంచి, ఇంకా దక్షిణాన నాగపట్నం వైపు నుంచి. గోల్కొండ ఏలుబడిలోని మచిలీపట్నం ప్రధానంగా బట్టల రేవు. అందుకని "బందరు నుంచి వేలమందిని అమ్మేశారు" అని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. కానీ రెండు రేవుల్లోనూ ఉన్నది ఒకే కంపెనీ. మూలధనం ఒకటే, పైన కూర్చున్న పెద్దలు ఒకరే. బందరులో కొన్న బట్ట దీవుల్లో అమ్ముడైతేనే ఆ దీవుల తోటలకు విలువ, ఆ తోటలు నడవాలంటే మనుషులు కావాలి. ఇక కరువు మాటకొస్తే బందరు మాత్రం తప్పించుకుందా? 1630 తర్వాత వచ్చిన పెద్ద కరువులో మచిలీపట్నం చుట్టుపక్కల సాలెవాళ్ళూ, బట్టలు ఉతికి చలవ చేసే చాకళ్ళూ చాలామంది చచ్చిపోయారని ఇంగ్లీషు వర్తకులు ఉత్తరాలు రాశారు. సరుకు అందడం లేదని చెప్పడానికి రాసిన ఉత్తరాలవి.

ఆఫ్రికా దక్షిణ కొసన కేప్‌లో డచ్చివాళ్ళు 1652లో స్థావరం పెట్టారు. అక్కణ్ణుంచి 1808 వరకు సుమారు 63,000 మంది బానిసల్ని ఆ ఊరికి దింపారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో నాలుగో వంతు దాకా భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళే. కొన్నవాళ్ళు వాళ్ళకు ఏదో ఒక కొత్త పేరు పెట్టి, దాని పక్కన బెంగాల్ అనో, మలబారు అనో, కోరమాండల్ అనో తగిలించేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు, ఊరి పేరు కాగితంలో ఉండవు. కేప్ టౌన్‌లో ఈరోజు ఉన్న కొన్ని కుటుంబాల వంశవృక్షాలు వెతికితే పైన అలాంటి పేర్లు తగులుతాయి. మా స్కూలు పిల్లలకు ఈ విషయమే ఎక్కువ పట్టింది. తమకు తెలియని చుట్టాలు అంత దూరాన ఉన్నారేమోనని వాళ్ళకు అనిపించింది.

ఇది హిందూ మహాసముద్రం కథ. అట్లాంటిక్ వైపు కథలో కూడా మన గుడ్డ ఉంది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో బానిసల్ని కొనేవాళ్ళు డబ్బు సంచులతో వెళ్ళలేదు, సరుకుతో వెళ్ళారు. ఇనుము, తుపాకులు, సారా, గవ్వలు, అన్నిటికన్నా ఎక్కువగా బట్ట. ఆ బట్టలో పెద్ద భాగం భారతదేశంలో నేసింది. కోరమాండల్ నుంచి వెళ్ళిన నీలిమందు గుడ్డకు గినీ గుడ్డ అనే పేరే స్థిరపడిపోయింది. ఎక్కువగా పోయింది కలంకారీ కాదు, నీలి గుడ్డ, గళ్ళ గుడ్డ, సాదా తెల్ల గుడ్డ. ఆఫ్రికా వర్తకులు రంగు, నేత, గళ్ళ సైజు చూసి మరీ ఎంచుకునేవారు, నచ్చకపోతే తిప్పి పంపేవారు. మాంచెస్టర్‌లో మన గళ్ళకు నకళ్ళు నేసింది కూడా ఆ బజారు కోసమే.

ఇంగ్లండు చేసిన చట్టం కూడా అటే నెట్టింది. మన అద్దకం బట్టల దెబ్బకు అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెట్టారు. 1700లో పార్లమెంటు మన దేశపు అద్దకం గుడ్డలు అక్కడ కట్టుకోవడం, వాడటం కుదరదని చట్టం చేసింది. గోల ఆగలేదు. 1719లో లండన్ వీధుల్లో కాలికో, అంటే మన నూలు గుడ్డ, గౌను వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి గుడ్డలు చించారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. కానీ రెండు చట్టాల్లోనూ ఒక తలుపు తెరిచే ఉంచారు: తెచ్చిన బట్టను మళ్ళీ ఎగుమతి చేసుకోవచ్చు. సొంత దేశంలో అమ్మకూడని గుడ్డ ఆఫ్రికాకు, కరీబియన్ దీవులకు పోయింది. బోర్డు మీద గొప్పింటి ఆడవాళ్ళ గౌన్ల గురించి రాసుకున్నాం కదా, అదే గుడ్డ మీద తర్వాత జరిగింది ఇది. నాలుగు శతాబ్దాల్లో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ ఓడలెక్కించిన మనుషులు సుమారు కోటీ 25 లక్షలు. అవతలి ఒడ్డు చేరినవాళ్ళు కోటీ ఏడు లక్షలే. మిగతావాళ్ళు దారిలో పోయారు.

ఈ గుడ్డ నేసినవాళ్ళు, అచ్చు వేసినవాళ్ళు దోషులని నేను అనడం లేదు. వాళ్ళు ముందుగా అడ్వాన్సు తీసుకుని, దళారి చెప్పిన కొలతకు నేసి, కొలత తగ్గితే కోత పడి, కరువొస్తే ముందుగా మాడిపోయినవాళ్ళు. వాళ్ళ మీద నాకు గౌరవం తప్ప ఇంకో భావం లేదు. బోర్డులో వాళ్ళు కూడా లేకపోవడం నాకు ఇంకా కష్టంగా అనిపించింది. సుల్తానులున్నారు, కంపెనీలున్నాయి, గొప్పింటి ఆడవాళ్ళున్నారు. సాలెవాళ్ళు, అద్దకంవాళ్ళు, చాకళ్ళు, ఓడ అడుగున కూర్చోబెట్టిన మనుషులు, వీళ్ళెవరూ లేరు. బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, రాళ్ళ మీద చెక్కిన పేర్లు, వంశ చిహ్నాలతో. ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట ఉన్నాయి. కొన్నవాళ్ళ గుర్తులకు లోటు లేదు.

యజమానితో ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు, బిల్లు వేసేలోపు చెప్పగలిగినంత చెప్పాను. ఆయన పెద్దాయన, ఓపికగా విన్నారు. "మేడంగారూ, మీరు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ గుడ్డ కొనడానికి వచ్చినవాళ్ళకు ఇలాంటివి చెప్తే మనసు విరిగిపోదా? పెళ్ళి సామాను కొనుక్కునేవాళ్ళు వస్తారు" అన్నారు.

"అన్నయ్యగారూ, అలిజరిన్ సంగతి మీరే చెప్పారు. మా వదిన మానేసిందా? ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ తీసుకుంది" అన్నాను. నిజానికి అదే నా వాదన మొత్తం. దాచకుండా చెప్పే షాపు కాబట్టే ఈ షాపు నచ్చింది. గుడ్డ వెనక వైపు తిప్పి చూపించే మనిషి చరిత్రను మాత్రం ఒక వైపే చూపించడం బాగాలేదు.

పక్కన ఉన్న ఒకావిడ కూడా మాటల్లో కలిశారు. బందరు వాళ్ళ అమ్మగారి ఊరట. "ఎప్పుడో జరిగిన పాపాలు మనకెందుకండీ, మన కళ గురించి గొప్పగా చెప్పుకోనివ్వండి" అన్నారు. ఆవిడ అభిమానం నాకు అర్థమవుతుంది. నాకూ ఈ కళంటే అంతే ఇష్టం. అయితే ఆ పాపం చేసిన దేశంవాళ్ళే ఇప్పుడు నోరు విప్పారు. నెదర్లాండ్స్ ప్రధాని 2022 డిసెంబరులో, రాజు విలెమ్ అలెగ్జాండర్ 2023 జులై 1న బానిసత్వంలో తమ దేశం పాత్రకు బహిరంగంగా క్షమాపణ అడిగారు. కొన్నవాళ్ళ వారసులు ఒప్పుకున్న సంగతిని, అమ్ముడుపోయినవాళ్ళ ఊరివాళ్ళం మనం మాట్లాడకపోతే ఎలా? ఆవిడ ఏమీ అనలేదు కానీ బోర్డు వైపు తిరిగి మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టారు.

"అయితే మీరే రాసివ్వండి, ఎక్కువ కాకుండా. ఫ్లెక్సీ వచ్చే నెల ఎలాగూ మార్చాలి, అంచు చిరిగింది" అన్నారు యజమాని. ఇంటికొచ్చి రాసి పంపాను. పనికొస్తే ఇంకెవరైనా వాడుకోవచ్చని ఇక్కడ కూడా పెడుతున్నాను:

"ఈ బట్టను పెడన, మచిలీపట్నం చుట్టుపక్కల సాలెవాళ్ళు నేశారు, అద్దకంవాళ్ళు అచ్చు వేశారు, చాకళ్ళు కాలవ నీళ్ళలో చలవ చేశారు. 1606 నుంచి డచ్చివాళ్ళు, 1611 నుంచి ఇంగ్లీషువాళ్ళు దీన్ని కొని తూర్పు దీవులకు, పర్షియాకు, ఐరోపాకు పంపారు. ఈ తీరపు నూలు గుడ్డతోనే ఆఫ్రికాలో మనుషుల్ని కొన్నారు. కరువు, యుద్ధాల కాలంలో పులికాట్, నాగపట్నం రేవుల నుంచి మన తీరపు మనుషుల్ని కూడా వేల సంఖ్యలో కొని బటావియాకు, సిలోన్‌కు తీసుకుపోయారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. బట్టను చూసేటప్పుడు వాళ్ళను కూడా తలుచుకోండి."

ఆయన ఫోన్ చేసి చివరి వాక్యం ఉంచుతానని, "కొని" అన్న మాట రెండుసార్లు వచ్చిందని, ఒకటి తీసేయనా అని అడిగారు. రెండూ ఉంచమన్నాను. సరేనన్నారు. కింద పెడన పనివాళ్ళ ఫోటో ఒకటి పెడతానని ఆయనే అన్నారు, అది నేను అడగలేదు. ఓడ బొమ్మ అలాగే ఉంటుంది. ఉండాలి కూడా.

ఇక మిగతా విషయాలు. మెట్లు ఇరుకు, పెద్దవాళ్ళకు కష్టం. రైలింగు ఒక వైపే ఉంది. లోపల ట్యూబ్‌లైటు వెలుగులో నీలం, నలుపు తేడా తెలియదు, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూడండి, వాళ్ళేమీ అనుకోరు. బండి పెట్టుకునే చోటు లేదు. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళు బస్టాండులో దిగి ఆటో ఎక్కడం మేలు. ఫోన్‌పే ఉంది, కార్డు మిషన్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాకానే తెరుస్తారు.

అసలు మంచి గుడ్డ బయట అరల్లో ఉండదు. లోపలి గదిలో చెక్క బీరువాలో ఉంటుంది, "బ్లాక్ ప్రింట్, పాత డిజైన్లు" అని అడిగితే తీస్తారు. చెట్టు డిజైన్ బెడ్‌షీట్ అక్కడే దొరికింది. నల్ల గీతలు ఎంత సన్నగా ఉన్నాయంటే వదిన కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసింది. ఉతకడం గురించి: మొదటిసారి విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో. నీడన ఆరేయాలి. మేము ఉతికాం, ఎరుపు, నలుపు చెక్కుచెదరలేదు. పసుపు కొంచెం తగ్గింది, తగ్గుతుందని వాళ్ళు ముందే చెప్పారు.

రెండో ఫిర్యాదు కుట్టు గురించి. కర్టెన్లు కుట్టించి ఇస్తామంటారు, బయట ఎవరికో ఇచ్చి కుట్టిస్తారు. మాకు చెప్పిన తేదీకి ఇవ్వలేదు, వచ్చాక చూస్తే రెండు కర్టెన్లు పొడవు తక్కువ. కింద పట్టీకి గుడ్డ వదలకుండా కోశారు. అడిగితే కుట్టుకూలి వెనక్కి ఇచ్చారు, గుడ్డ మాత్రం పోయినట్టే. వదిన అదే రంగు సాదా గుడ్డతో అంచు వేసి సర్దింది. కాబట్టి గుడ్డ ఇక్కడ కొనండి, కుట్టు మీకు తెలిసిన టైలర్ దగ్గర చేయించుకోండి. కొలత కంటే పావు మీటరు ఎక్కువే తీసుకోండి, మొదటి ఉతుకుకు ఈ గుడ్డ కొంచెం ముడుచుకుంటుంది.